టోక్యోలో అరటితొక్క ఎక్కడ పడేయాలి?

టోక్యోలో ఉయెనో స్టేషన్ బయట ఒక పర్యాటకుడు అరటిపండు తిన్నాడనుకుందాం. తొక్క చేతిలో ఉంది. చెత్తబుట్ట కోసం చూస్తాడు. స్టేషన్ ముందు లేదు, సిగ్నల్ దగ్గర లేదు, పార్కు మలుపులోనూ లేదు. చల్లని పానీయాలు అమ్మే యంత్రం పక్కన ఒక డబ్బా ఉంది గానీ దాని మూతకు సీసా పట్టేంత గుండ్రటి కన్నం మాత్రమే ఉంది. అది సీసాలకే తప్ప తొక్కలకు కాదు. అరగంట గడిచినా తొక్క చేతిలోనే ఉంటుంది, కాస్త నల్లబడి. చుట్టూ చూస్తే రోడ్డు మీద కాగితం ముక్క కూడా కనిపించదు. చివరికి దాన్ని సంచిలో పెట్టుకొని హోటల్ గదికి తిరిగి వస్తాడు.

జపాన్ వెళ్లివచ్చినవాళ్లు చెప్పే కబుర్లలో ఇది మొదటి వరసలో ఉంటుంది. తక్కినవీ చాలామందికి తెలిసినవే. గడియారం చూసి కదిలే రైళ్లు, పోయిన పర్సు డబ్బుతో సహా తిరిగి దొరకడం, ఆరేళ్ల పిల్లలు పెద్దల తోడు లేకుండా బడికి నడిచి వెళ్లడం, మీటల వరసతో భయపెట్టే మరుగుదొడ్లు. కబురు ముగిసే చోట ఒక తీర్పు కూడా తప్పకుండా వస్తుంది: "ఆ క్రమశిక్షణ వాళ్ల రక్తంలోనే ఉందండీ." వినడానికి ఇది మెచ్చుకోలులా ఉంటుంది. నిజానికి చెప్పేవారికి అందులో ఒక వెసులుబాటు ఉంది. రక్తంలో ఉన్నదాన్ని ఇంకొకరు నేర్చుకోలేరు కాబట్టి ప్రయత్నించాల్సిన అవసరమూ ఉండదు. అయితే ఆ వింతల్లో ఏ ఒక్కదాన్ని పట్టుకొని వెనక్కి వెళ్లినా రక్తం తగలదు. ఒక చట్టమో, ఒక గొడవో, ఒక ప్రమాదమో తగులుతుంది. చాలాసార్లు తేదీతో సహా.

చెత్తబుట్టల సంగతే తీసుకుంటే ఆ తేదీ 1995 మార్చి 20. ఆ ఉదయం ఆఫీసులకు వెళ్లే రద్దీలో ఓం షిన్రిక్యో అనే మతసంస్థ సభ్యులు టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ అనే విషాన్ని వదిలారు. ద్రవం నింపిన ప్లాస్టిక్ సంచులను వార్తాపత్రికల్లో చుట్టి, నేల మీద పెట్టి, పదును చేసిన గొడుగు మొనతో పొడిచి దిగిపోయారు. 14 మంది మరణించారు, వేల మంది ఆస్పత్రుల పాలయ్యారు. పాత పేపర్లో చుట్టిన పొట్లం, అంటే ఎవరూ రెండోసారి చూడని చెత్త, ఇంతపని చేయగలదని తెలిశాక స్టేషన్లలో బుట్టలకు మూతలు బిగించారు. కొన్నాళ్లకు కొన్ని తిరిగి వచ్చాయి. 2004లో మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలాక అవీ తగ్గాయి. ఈలోగా అధికారులకు ఇంకో లాభం కనిపించింది. బుట్ట లేకపోతే దాన్ని ఖాళీ చేసే మనిషి, బండి, జీతం కూడా అక్కర్లేదు. భద్రత పేరుతో పోయినవి పొదుపు పేరుతో పోయినట్టే ఉండిపోయాయి.

బుట్టలు తీసేస్తే వీధులు చెత్తతో నిండాలి కదా? జపాన్‌లో నిండకపోవడానికి ఒక మామూలు కారణం ఉంది. నడుస్తూ తినడం అక్కడ అంత మర్యాద కాదు. కొన్నది కొన్నచోటే నిలబడి తినేస్తారు, లేదా ఇంటికి తీసుకెళ్తారు. చెత్త వీధిలో పుట్టదు, ఇంట్లో పుడుతుంది. బయటినుంచి వచ్చిన పర్యాటకుడు మాత్రం వీధిలోనే తింటాడు, వీధిలోనే తొక్క పట్టుకొని నిలబడతాడు. జపాన్ పర్యాటక శాఖ అడిగినప్పుడు విదేశీయులు చెప్పే ఇబ్బందుల్లో చెత్తబుట్టల కొరత పైవరసలో ఉండటం అందుకే.

ఇక ఆ ఇంటి చెత్త కథ వీధి కథకంటే పెద్దది. టోక్యోలో కొత్తగా కాపురం పెట్టినవారికి, ఇప్పుడు తెలుగు కుటుంబాలు కూడా బాగానే కనిపించే నిషి కసాయ్ ప్రాంతంలో సైతం, చేతికొచ్చే మొదటి కాగితాల్లో చెత్త క్యాలెండర్ ఒకటి. ఏ రోజు కాలే చెత్త, ఏ రోజు కాలనిది, ఏ రోజు సీసాలు, డబ్బాలు, కాగితాలు, అన్నీ అందులో ఉంటాయి. నీళ్ల సీసా పడేయాలంటే మూత తీయాలి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పొర ఒలిచేయాలి, సీసా కడగాలి, నలిపి అణచాలి. అప్పుడు ఒకే సీసా రెండు రకాల చెత్త అవుతుంది. సంచి లోపలిది బయటికి కనిపించేలా ఉండాలి. ఉదయం ఎనిమిదిలోపు వీధి మూల పెట్టి, కాకులు చీల్చకుండా దాని మీద వల కప్పాలి. తప్పుగా కట్టిన సంచిని బండివాళ్లు తీసుకెళ్లరు. తప్పేమిటో రాసిన కాగితం అంటించి అక్కడే వదిలేస్తారు. ఆ సంచి అందరి కళ్ల ముందు ఎర్రటి కాగితంతో రోజంతా కూర్చుంటుంది. ఇరుగుపొరుగుకు అది ఎవరి సంచో తెలియకపోదు. జరిమానాకంటే ఈ సిగ్గు గట్టిగా పనిచేస్తుంది. ఈ మాట అనడం కొంచెం కఠినంగా ఉన్నా, అక్కడి శుభ్రతలో సగం పొరుగువాడి చూపు నుంచి వచ్చిందే.

ఇదంతా అనాది ఆచారం కాదు. 1964 ఒలింపిక్స్‌కు ముందు టోక్యో మురికి నగరమే. ఇళ్ల ముందు చెక్కపెట్టెల్లో పడి ఉన్న చెత్తను చూసి విదేశీయులు ఏమనుకుంటారోనని ఆ ఆటల ముందు ప్లాస్టిక్ డబ్బాలు పెట్టించారు, వీధులు ఊడ్పించారు. ఊడ్చిన చెత్త ఎక్కడికి వెళ్లింది? టోక్యో అఖాతంలోకి. 1957 నుంచి కోటో వార్డు ఒడ్డున సముద్రాన్ని చెత్తతో పూడ్చారు. ఆ దిబ్బ పేరు యుమెనోషిమా, అంటే కలల దీవి. పేరు పెట్టినవారికి చమత్కారం లేదు, అంతకుముందు అక్కడ విహారస్థలం కట్టాలనుకున్నారు, ఆ పేరే మిగిలింది. 1965 వేసవిలో ఆ దీవి నుంచి ఈగలు మేఘాల్లా లేచి కోటో వార్డు ఇళ్లమీద, బళ్లమీద పడ్డాయి. చివరికి దీవికే నూనె పోసి నిప్పంటించాల్సి వచ్చింది.

కోటో వార్డు జనం అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: ఊరందరి చెత్త మా గుమ్మంలోనే ఎందుకు? ఇంకోవైపు సంపన్నులుండే సుగినామి వార్డు తన ప్రాంతంలో చెత్త కాల్చే కేంద్రం కట్టడానికి వీల్లేదని పట్టుబట్టింది. 1971 సెప్టెంబర్‌లో టోక్యో గవర్నర్ మినోబె రియోకిచి దీన్ని "చెత్త యుద్ధం" అని ప్రకటించారు. 1973లో కోటో వార్డువాళ్లు రోడ్డుకు అడ్డంగా నిలబడి సుగినామి నుంచి వచ్చిన చెత్త లారీలను వెనక్కి పంపేశారు. సుగినామి వీధుల్లో సంచులు కుప్పలు పడ్డాయి. మరుసటి ఏడాది కోర్టులో రాజీ కుదిరింది, 1982లో సుగినామి కేంద్రం మొదలైంది. ఎవరి చెత్త వారి హద్దులోనే తగలబెట్టుకోవాలన్న సూత్రం ఇలా పుట్టింది. పక్కవాడి గుమ్మంలో పడేసే దారి మూసుకుపోయాకే తమ సంచిలో ఏముందో చూసుకోవడం మొదలైంది.

దీనికి ఇంకో కొస కూడా చెప్పుకోవాలి. షికోకు దీవిలో కమికాట్సు అనే కొండ ఊరు ఉంది. జనాభా 1,500 కూడా ఉండదు. 2003లో చెత్తే లేని ఊరుగా మారతామని ప్రకటించి, చెత్తను 40కి పైగా రకాలుగా వేరుచేస్తోంది. బండి రాదు, ఎవరి చెత్త వారే కేంద్రానికి మోసుకెళ్లాలి. అక్కడ దాదాపు 80 శాతం తిరిగి వాడకానికి వెళ్తుంది. పర్యాటకులు, విలేకరులు ఆ ఊరిని చూపించి జపాన్ అంతా అలాగే ఉంటుందన్నట్టు రాస్తారు. దేశం మొత్తం మీద తిరిగి వాడకానికి వెళ్లేది ఐదో వంతే. మిగతాదాంట్లో అధికభాగం కాలిపోతుంది. అంత శ్రద్ధగా కడిగి వేరుచేసే దేశంలోనే ఒక్కో బిస్కెట్టుకు ఒక్కో ప్లాస్టిక్ పొర, దాని మీద డబ్బా, దాని మీద సంచి. వేరుచేయడంలో ఉన్న నిష్ఠ తగ్గించడంలో కనిపించదు.

పిల్లలు బడి ఊడ్చుకోవడం ఈ శుభ్రతకు మూలమని చాలామంది అంటారు. అందులో నిజం ఉంది. తలకు గుడ్డ కట్టుకొని, వరసగా వంగి, తడిగుడ్డతో వరండా పొడవునా పరుగెత్తే పిల్లల దృశ్యం చూడముచ్చటగా ఉంటుంది. ఇదే పని మన బళ్లలో చేయిస్తే పేపర్లో వార్త అవుతుంది, తల్లిదండ్రులు గొడవకు వస్తారు. ఆ కోపానికి మన దగ్గర కారణం ఉంది. ఊడ్చే పనిని ఇక్కడ కొన్ని కులాలకు అంటగట్టారు. పిల్లల్లో ఎవరి చేతికి చీపురు ఇస్తారన్నది ఇక్కడ అమాయకమైన ప్రశ్న కాదు. జపాన్‌లోనూ అంటరానితనం ఉండేది. చర్మకారుల్ని, పశువుల్ని కోసేవారిని ఊరవతల ఉంచి, 1871లో చట్టప్రకారం రద్దు చేశాక కూడా వివక్ష చూపుతూనే వచ్చారు. కానీ ఇల్లు, బడి ఊడ్చే చీపురు ఆ జాబితాలో పడలేదు. జెన్ ఆశ్రమాల్లో గురువు కూడా ఆకులు ఊడ్చేవాడు. మనకూ వాళ్లకూ తేడా క్రమశిక్షణలో కంటే ఇక్కడే ఎక్కువ ఉన్నట్టుంది.

సమయపాలన మీద ఉన్న నమ్మకం ఇంకా గట్టిది. అది మాత్రం పుట్టుకతో వచ్చిందేనని జపనీయులు కూడా అనుకుంటారు. 1857లో నాగసాకికి నౌకావిద్య నేర్పడానికి వచ్చిన డచ్ అధికారి కాటెండైక్ మాత్రం ఇంకోలా రాసుకున్నాడు. తెప్పించమన్న కలప వేళకు రాదట, పనిలో చేరిన మనిషి ఒకసారి వచ్చి మళ్లీ కనిపించడట. జపనీయుల తీరుబాటు చూసి ఆయనకు విసుగు పుట్టింది. వాళ్ల తప్పు కూడా లేదు. ఆనాడు అక్కడ గంట అంటే ఒక స్థిరమైన కొలత కాదు. తెల్లవారినప్పటి నుంచి పొద్దుగూకేదాకా ఉన్న కాలాన్ని ఆరు భాగాలు చేసేవారు. వేసవిలో పగటి గంట పొడుగు, చలికాలంలో పొట్టి. సూర్యోదయాన్నీ సూర్యాస్తమయాన్నీ పట్టి రాహుకాలం లెక్కగట్టే పంచాంగం తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. అలాంటి గంటల్లో బతికేవాడికి "పది నిమిషాలు ఆలస్యం" అన్న మాటకు అర్థం ఎక్కడిది?

1872లో టోక్యోలోని షింబాషి నుంచి యోకొహామాకు మొదటి రైలు నడిచింది. అంతకుముందెప్పుడూ నిమిషంతో పని పడని జనానికి రైలు నిమిషం నేర్పింది. బండి కదలడానికి ముందే స్టేషన్ తలుపులు మూసేవారు. ఆ రోజుల్లో కొందరు చెక్క చెప్పులు ప్లాట్‌ఫాం మీద విడిచి పెట్టె ఎక్కారని, యోకొహామాలో దిగి చెప్పులు కనిపించక దిక్కులు చూశారని కథగా చెప్పుకుంటారు. 1873 జనవరి 1 నుంచి కొత్త క్యాలెండర్‌తో పాటు సమానమైన గంటలు వచ్చాయి. అయినా యాభై ఏళ్ల దాకా జనం దారికి రాలేదు కాబోలు, 1920లో ప్రభుత్వ పెద్దలు జూన్ 10ని కాల దినోత్సవంగా పెట్టి, వేళకు రండి, వేళకు వెళ్లండి అని ప్రచారం చేయాల్సి వచ్చింది. ఉన్న గుణానికి ఎవరూ ప్రచారం చేయరు.

ఇప్పుడు ఆ రైళ్లలో ముందు పెట్టె ఎక్కి అద్దం దగ్గర నిలబడితే ఒక తమాషా కనిపిస్తుంది. తెల్ల గ్లౌజు వేసుకున్న డ్రైవరు లోపల ఒంటరిగా ఉన్నా ఎవరికో చెప్తున్నట్టు వేలు చూపిస్తూ మాట్లాడుతుంటాడు. సిగ్నల్ వైపు వేలు చాపి రంగు పేరు పలుకుతాడు, గడియారం వైపు చాపి వేళ చెప్తాడు. వేగం చూసి అదీ చెప్తాడు. ప్లాట్‌ఫాం మీద గార్డు కూడా అంతే. పిచ్చిపనిలా కనిపించే ఈ అలవాటు ఆవిరి బండ్ల కాలం నుంచి వస్తోంది. 1994లో జపాన్ రైల్వే పరిశోధన సంస్థ పరీక్షించి చూస్తే, ఏమీ చేయకుండా ఉన్నప్పుడు నూరు పనులకు 2.38 తప్పులు జరిగిన చోట, వేలుచూపి పలికినప్పుడు 0.38 జరిగాయి. కన్ను, చెయ్యి, నోరు, చెవి నాలుగూ ఒకే పనిమీద ఉంటే మనసు పక్కకు పోదు. ఇది మనకు పూర్తిగా కొత్తేమీ కాదు. సికింద్రాబాద్, విజయవాడ మధ్య నడిచే ఇంజన్లలో కూడా లోకో పైలట్, సహాయకుడు సిగ్నల్ రంగును ఒకరికొకరు పైకి చెప్పుకుంటూనే వెళ్తారు. మన పెట్టెల్లోంచి అది కనిపించదు, అంతే.

2017 నవంబర్‌లో త్సుకుబా ఎక్స్‌ప్రెస్ రైలు ఒక స్టేషన్ నుంచి 20 సెకన్లు ముందుగా బయల్దేరింది. నిర్వహించే సంస్థ క్షమాపణ చెప్పింది. ప్రపంచమంతా నవ్వుకుంటూ, మెచ్చుకుంటూ ఆ వార్త చదివింది. ఆ వార్త పంచుకున్నవారిలో ఎక్కువమందికి 2005 ఏప్రిల్ 25 సంగతి తెలిసి ఉండదు. ఆ ఉదయం ఒసాకా దగ్గర అమగసాకిలో ఒక లోకల్ రైలు మలుపులో పట్టాలు తప్పి అపార్ట్‌మెంట్ భవనంలోకి దూసుకెళ్లింది. 106 మంది ప్రయాణికులు, డ్రైవరు చనిపోయారు. డ్రైవరు వయసు 23. అంతకు కొద్ది నిమిషాల ముందు ఇటామి స్టేషన్‌లో ఆగాల్సిన చోటు దాటి ముందుకు వెళ్లిపోయాడు, బండిని వెనక్కి తెచ్చేసరికి ఆలస్యమైంది. ఎంత? నిమిషంన్నర లోపే. గంటకు 70 కిలోమీటర్లకు మించకూడని మలుపులోకి 116తో వచ్చాడు. దర్యాప్తు సంఘం అతని మనసులో ఏముండి ఉంటుందో కూడా పరిశీలించింది. తప్పు చేసిన డ్రైవర్లను ఆ సంస్థలో బండి నుంచి దించి, రోజుల తరబడి పశ్చాత్తాప నివేదికలు రాయించి, తిట్టి అవమానించే "పునఃశిక్షణ" ఉండేది. అతను అంతకుముందు ఒకసారి దాన్ని అనుభవించాడు. రేడియోలో తన తప్పు గురించి ఏం చెప్తున్నారోనన్న ఆందోళనలో బ్రేకు వేయడం ఆలస్యమైందని సంఘం తేల్చింది. పర్యాటకుడు ముచ్చటపడే ఆ సెకన్లకు ధర చెల్లించేవాళ్లు ముందు పెట్టెలో ఉంటారు.

పోయిన పర్సు తిరిగి దొరకడం వెనక ఉన్న కథ ఇంత విషాదమైనది కాదు. అదంతా కాగితం పని. వీధి మలుపుల్లో కోబన్ అనే చిన్న పోలీసు గది ఉంటుంది. 1874లో టోక్యోలో మొదలైన ఈ ఏర్పాటు ఇప్పుడు దేశమంతటా సుమారు 6,000 చోట్ల ఉంది. దొరికిన వస్తువు అక్కడ ఇస్తే ఒక ఫారం నింపుతారు, రసీదు చేతికిస్తారు, పది నిమిషాల్లో పని అయిపోతుంది. చట్టం ప్రకారం సొంతదారు దొరికితే తెచ్చినవారికి విలువలో 5 నుంచి 20 శాతం దాకా బహుమానం అడిగే హక్కుంది. మూడు నెలల్లో ఎవరూ రాకపోతే వస్తువు తెచ్చినవారిదే. ఇవ్వకుండా జేబులో వేసుకుంటే జైలుశిక్ష పడే నేరం. అంటే నిజాయితీగా ఉండటానికి దగ్గరలో చోటుంది, లాభం ఉంది, లేకపోవడానికి భయం ఉంది. మన దగ్గర దొరికిన పర్సు పట్టుకొని పోలీస్ స్టేషన్ మెట్లెక్కేవాడికి మొదట వచ్చే ఆలోచన బహుమానం గురించి కాదు, తనను ఎన్ని ప్రశ్నలు అడుగుతారో అన్నది. మనుషుల మంచితనంలో పెద్ద తేడా ఉండకపోవచ్చు. మెట్ల దగ్గర తేడా ఉంది.

దీనికి సాక్ష్యం గొడుగు. టోక్యో పోలీసులకు ఏటా 40 లక్షలకు పైగా పోయిన వస్తువులు చేరతాయి. వాటిలో గొడుగులే లక్షల్లో ఉంటాయి. వాటికోసం వచ్చే సొంతదారులు నూటికి ఒక్కరు మించరు. దుకాణంలో కొన్ని వందల యెన్‌లకు ప్లాస్టిక్ గొడుగు దొరుకుతుంటే ఎవరు వెతుక్కుంటారు? డబ్బున్న పర్సును వంద మెట్లెక్కి అప్పగించే అదే మనిషి, వాన కురుస్తున్న వేళ రెస్టారెంటు గుమ్మంలోని గొడుగుల స్టాండులోంచి తనది కాని పారదర్శక గొడుగు తీసుకెళ్లడానికి పెద్దగా ఆలోచించడు. పర్సుకు చట్టం ఉన్నంత గట్టిగా గొడుగుకు అలవాటు లేదు.

కొన్ని వింతలకు ఇంత పొడుగు కథ అక్కర్లేదు. కరోనాకు ఎంతో ముందునుంచే వసంతంలో సగం ఊరు మాస్కుల్లో కనిపించడానికి కారణం దేవదారు జాతి చెట్లు. యుద్ధంలో కొట్టేసిన అడవుల స్థానంలో కలపకోసం లక్షల ఎకరాల్లో ఒకే జాతి చెట్లు నాటారు. అవి పెరిగి పుప్పొడి రాల్చడం మొదలయ్యాక, ఇప్పుడు పదిమందిలో నలుగురికి తుమ్ములు, కళ్ల దురద. అడవుల శాఖ వేసిన తప్పటడుగును జనం ముక్కులతో భరిస్తున్నారు. మరుగుదొడ్ల మీటల సంగతి ఇంకా చిన్నది. నీళ్లతో కడిగే కుర్చీ మొదట అమెరికాలో రోగుల కోసం తయారైంది. 1980లో టోటో సంస్థ దాన్ని మామూలు ఇళ్లలోకి తెచ్చింది. యూరప్ వెళ్లి కాగితంతో అవస్థపడ్డ తెలుగువారికి ఇందులో వింత కంటే ఊరటే ఎక్కువ. చెంబుకు కరెంటు పెట్టినట్టు ఉంటుంది.

కాలిబాటల మీద, స్టేషన్లలో ఉబ్బెత్తు చుక్కలున్న పసుపు పలకలు చూపులేనివారికి దారి చూపుతాయి. మియాకె సెయిచి అనే ఆయన ఆలోచన ఇది. 1967 మార్చి 18న ఒకాయామా నగరంలో అంధుల పాఠశాల దగ్గర మొదటిసారి పరిచారు. అవే పలకలు ఇవాళ హైదరాబాద్ మెట్రో ప్లాట్‌ఫాంల మీద ఉన్నాయి. తేడా ఒకటి. మన నగరాల కాలిబాటల మీద ఆ పసుపు వరస కొన్నిచోట్ల నేరుగా కరెంటు స్తంభం దాకా తీసుకెళ్లి వదిలేస్తుంది.

సాయంత్రం ఐదు గంటలకు జపాన్ ఊళ్లలో స్తంభాల మీది మైకుల నుంచి ఒక పిల్లల పాట బాణీ వినిపిస్తుంది. పార్కులో ఆడుకునే పిల్లలు ఇళ్లకు మళ్లే వేళ అది. పర్యాటకులు దాన్ని విని, ఎంత కవితాత్మకమైన దేశం అని రాసుకుంటారు. ఆ మైకులు పెట్టింది పాటకోసం కాదు. భూకంపం, సునామీ వచ్చినప్పుడు ఊరందరినీ హెచ్చరించడానికి. రోజూ ఒకసారి మోగిస్తే పనిచేస్తున్నదీ లేనిదీ తెలుస్తుంది, ఎలాగూ మోగించాలి కాబట్టి బాణీ పెట్టారు. 2011 మార్చి 11న మినామిసాన్రికు పట్టణంలో ఇలాంటి మైకులోనే ఒక యువ ఉద్యోగిని, ఎత్తైన చోటికి వెళ్లండి, ఎత్తైన చోటికి వెళ్లండి అని చెప్తూనే ఉంది. ఆమె కూర్చున్న మూడంతస్తుల భవనం మీదుగా సముద్రం వెళ్లిపోయింది. ఆ భవనపు ఎర్రటి ఇనుప చట్రం ఇప్పటికీ అక్కడ నిలబడి ఉంది.

తెలుగు ప్రయాణికులకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు భోజనం. శాకాహారి "మాంసం వద్దు" అని చెప్తే తల ఊపి నూడుల్స్ తెస్తారు. అందులో మాంసం ముక్క ఉండదు. పులుసు మాత్రం ఎండబెట్టిన చేప తురుము మరిగించి తీసినది. సాదాగా కనిపించే సూపు, ఉడికించిన కూర, కొన్నిసార్లు పచ్చడి కూడా అంతే. ఇది మోసం కాదు. వాళ్ల భాషలో మాంసం అంటే జంతువులది, చేప వేరే లెక్క. చిత్రమేమిటంటే ఒకప్పుడు మాంసాన్ని అధికారికంగా నిషేధించిన దేశం ఇది. 675లో తెన్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి తినవద్దని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా బౌద్ధం ఆ పట్టు సడలనివ్వలేదు. 1872లో మెయిజి చక్రవర్తి గోమాంసం తిన్నట్టు ప్రకటించడం పెద్ద వార్త అయింది. అంతకాలమూ చేపకు ఏ అడ్డూ లేదు కాబట్టి, చేప కూడా తినని మనిషి ఉంటాడన్న ఊహ ఆ వంటగదికి అలవాటు కాలేదు. కోయాసాన్ లాంటి కొండ మఠాల్లో మాత్రం సన్యాసుల భోజనం ఉంది. టోఫు, నువ్వులు, సముద్రపు నాచుతో చేసిన పులుసు. ఆ పళ్లెం ముందు కూర్చున్నప్పుడు మన వ్రతం రోజుల భోజనం గుర్తు రాక మానదు, కారం తప్ప.

బోర్డులు చదవడానికి అక్షరాలు నేర్చుకునేవారికి ఇంకో పరిచయం ఎదురవుతుంది. జపాన్ అక్షరమాల వరస అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. మన పలక మీది వరసే ఇది, కొన్ని అక్షరాలు తగ్గాయి. చ ఉండాల్సిన చోట స, ప ఉండాల్సిన చోట హ ఉండటానికి కారణం ఆ ధ్వనులు పూర్వం వేరుగా పలకడమే. సంస్కృత మంత్రాలను సిద్ధం అనే లిపిలో చదువుకున్న బౌద్ధ భిక్షువులు ఆ క్రమాన్ని తీసుకున్నారు. పదం చివర 'న్' తప్ప మరో హల్లు నిలవకపోవడం కూడా మనకు చుట్టరికమే అనిపిస్తుంది. మనం బస్సు, హోటలు అంటే వాళ్లు బసు, హోతెరు అంటారు. మనవాళ్లు అక్కడ తొందరగా భాష పట్టుకుంటారని చెప్పుకునే మాటలో కొంత ఇదీ ఉంది: క్రియ వాక్యం చివరికే వస్తుంది, విభక్తి మాట వెనకే తగులుకుంటుంది.

తిరుగు ప్రయాణంలో చాలామంది సామాను మోయరు. క్యోటో హోటల్‌లో సూట్‌కేసు ఇచ్చేస్తే అది మరుసటి రోజు టోక్యో హోటల్‌కు చేరుతుంది. ఇంటింటికీ పార్సెల్ చేర్చే ఈ సేవను యమాతో సంస్థ 1976 జనవరి 20న మొదలుపెట్టింది. మొదటి రోజు వచ్చిన పార్సెళ్లు 11. ఇప్పుడు అది లేకుండా ఆ దేశం రోజు గడవదు. పార్సెల్ ఏ రెండు గంటల మధ్య రావాలో కోరుకోవచ్చు, ఇంట్లో లేకపోతే మళ్లీ తెస్తారు, డబ్బు అదనంగా అడగరు. ఈ సౌకర్యాల భారం డ్రైవర్ల మీద పడింది. వారి అదనపు పనిగంటలకు చట్టం ఏడాదికి 960 అని హద్దు పెట్టేసరికి 2024 ఏప్రిల్ వచ్చింది.

పార్సెల్ మీద అంటించే చీటీలో వేళలకు గళ్లు ఉంటాయి. ఉదయం ఒకటి. తర్వాత 2 నుంచి 4, 4 నుంచి 6, 6 నుంచి 8, 7 నుంచి 9. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా గడి లేదు. 2017 దాకా ఉండేది. ఆ వేళలో బండి నడిపే మనిషి అన్నం తినాలి కదా అని ఆ ఏడాది తీసేశారు.